పరుల సొమ్ముకు కాపరి: డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య

స్వాతంత్ర్యోద్యమ చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారి పేరు సుపరిచితమే. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిన నాయకునిగా, 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన పెద్దగా, కాంగ్రెసు చరిత్రకారునిగా ఆయన ప్రసిద్ధులు. అయితే ఆయన జీవితంలో మరొక పార్శ్వం ఉన్నది. ఇతరుల ధనాన్ని చేతబట్టుకొని సంస్థలను నడిపే వానికి లాభమూ లోకహితమూ రెండూ ఎట్లు కర్తవ్యాలవుతాయో ఆ పార్శ్వం మనకు బోధిస్తుంది. దానినే ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

పట్టాభి గారు 1880 నవంబరు 24న, నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, తరువాత వైద్యవిద్య నభ్యసించి, మచిలీపట్నంలో వైద్యవృత్తి ప్రారంభించారు. మంచి ఆదాయం గల ఆ వృత్తిని దేశసేవకై విడనాడారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాల్గొన్నారు. 1919లో 'జన్మభూమి' అను ఆంగ్ల వారపత్రికను నెలకొల్పారు.

వ్యాధికి మూలం వెదకుట వైద్యుని లక్షణం. కృష్ణానది నీరు పంటలనిచ్చినా రైతును పీడిస్తున్నది అప్పు అని ఆయన గ్రహించారు. విత్తనానికీ, ఎద్దులకూ, పెండ్లికీ వడ్డీ వ్యాపారే దిక్కు. మరొకవైపు, దాచుకొన్న సొమ్ముకు భద్రత కూడా కొరవడింది. 1906లో మద్రాసులోని అర్బత్‌నాట్ సంస్థ దివాలా తీయగా, దానిని నమ్మి సొమ్ము దాచుకొన్నవారు వేలాదిగా నష్టపోయారు. దాని యజమాని సర్ జార్జి అర్బత్‌నాట్ కారాగారం పాలయ్యారు. సహకార బ్యాంకు ఉద్యమంలో అనుభవం గడించిన పట్టాభి గారు 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. అదే నెల 28న మచిలీపట్నంలో అది వ్యాపారం ఆరంభించింది. అధికృత మూలధనం 10 లక్షల రూపాయలు. చెల్లించబడిన మూలధనం ఒక లక్ష మాత్రమే.

ఆనాడు అమలులో ఉన్నది 1913 నాటి కంపెనీల చట్టం. డైరెక్టరు వాటాదారులకూ కంపెనీకీ విశ్వాసపాత్రుడై ఉండవలెననుట నాటి న్యాయసూత్రం. సమాజమనే మాటకు అందులో స్థానం లేదు. అంతకు నాలుగేండ్ల ముందు, 1919లో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం, హెన్రీ ఫోర్డు వాటాదారుల లాభాంశాన్ని ఆపి ఆ ధనాన్ని తన ఇష్టానుసారం వినియోగించరాదని, వ్యాపార సంస్థ ప్రధానంగా వాటాదారుల లాభం కొరకేనని తీర్పు చెప్పింది.

బ్యాంకు విషయంలో ఈ చిక్కు మరింత గట్టిది. బీద రైతు బాకీని తన జేబునుండి తీర్చేవాడు దాత. డిపాజిటుదారుల సొమ్మునుండి తీర్చేవాడు దాత కాడు. అప్పగింతను వమ్ము చేసినవాడు. ఉర్దూలో మనం అమానత్ అనేది దీనినే. అయితే ధనవంతునికే అప్పిచ్చి లాభం లెక్కబెట్టుకొంటే బ్యాంకు పుట్టిన ప్రయోజనమే నెరవేరదు.

ఈ చిక్కుకు పట్టాభి గారి కృషిలోనే సమాధానం కనిపిస్తుందని మా అభిప్రాయం. అన్ని అక్కరలనూ ఒకే సంస్థ నెత్తిన పెట్టక, ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క సంస్థను ఆయన ప్రోత్సహించారు. రైతుకు సహకార సంఘం, వర్తకానికి బ్యాంకు, కుటుంబ రక్షణకు 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, దీర్ఘకాలపు అప్పుకు భూమి తనఖా బ్యాంకు. అడిగిన వెంటనే తిరిగి ఇవ్వవలసిన డిపాజిటును ఇరువదేండ్ల భూమి అప్పులో బంధించుట అపాయకరం కదా! లోకహితం కోరేవానికి జాలి గుండె ఒక్కటే చాలదు. లెక్క తెలిసిన బుద్ధి కూడా కావలెను.

1938లో ట్రావన్‌కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలి, దక్షిణ దేశం తల్లడిల్లింది. ఆంధ్రా బ్యాంకు నిలిచింది. 1942లో పట్టాభి గారు అహమ్మదునగరు కోటలో నిర్బంధితులైన కాలంలోనూ అది నడిచింది. వ్యవస్థాపకుడు చెరసాలలో ఉన్నా సంస్థ ఆగకపోవుటే మంచి నిర్వహణకు గీటురాయి.

ఆయన 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పరమపదించారు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం చేయబడింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయింది.

పేరు పోయినా ఆ భావానికి తరువాతి కాలంలో చట్టరూపం లభించింది. 2013 నాటి కంపెనీల చట్టం 166వ సెక్షను ప్రకారం డైరెక్టరు సద్బుద్ధితో వాటాదారులకే గాక ఉద్యోగులకూ, సమాజానికీ, పర్యావరణ రక్షణకూ మేలుగా వ్యవహరించవలెను, తగు జాగ్రత్త వహించవలెను, స్వలాభం పొందరాదు. తప్పినచో లక్ష నుండి ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా. 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభంలో నూటికి రెండు వంతులు సమాజహితానికి వెచ్చించవలెను. అయితే ఒకటి మరువరాదు. రెండవది సంపాదించిన పిమ్మట చేసే వ్యయం. మొదటిది సంపాదించే తీరుకే సంబంధించిన కర్తవ్యం.

ఈ భేదం మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంత విద్యార్థులకు తేలికగా బోధపడుతుంది. పలకరాయిని కోసే చోట లేచే దుమ్ము కార్మికుని ఊపిరితిత్తులలో చేరుతుంది. దుమ్మును ఆపకుండా లాభం గడించి, ఆ లాభంలో కొంత వెచ్చించి ఆసుపత్రికి మంచాలు దానమిచ్చుట మొదటి కర్తవ్యాన్ని తీర్చజాలదు. దుమ్మును అణచే ఏర్పాటు చేసి, కూలి సక్రమంగా చెల్లించి, ఆపై లాభం చూపగలిగినవాడే నిజమైన నిర్వాహకుడు.

వాణిజ్యశాస్త్రం చదివే మన విద్యార్థులలో కొందరు రేపు బ్యాంకు గుమాస్తాలు, కొందరు సహకార సంఘాల కార్యదర్శులు, కొందరు కంపెనీ డైరెక్టర్లు కాగలరు. విద్యాసంస్థల పాలకవర్గాలూ పరుల ధనానికి కాపరులే. ప్రతి రూపాయి వెనుక దానిని నమ్మి అప్పగించిన ఒక మనిషి ఉన్నాడను ఎరుకతో సంతకం చేయుటే పట్టాభి గారికి మనం సమర్పించగల నివాళి.