మూటలో దాగిన రాజు

అలిపిరికి సమీపముననున్న చంద్రగిరి కోటను మనమెరుగుదుము. అచ్చటను, వేలూరునను ఏలిన వేంకటపతి రాయలు 1614లో మరణింపగా సింహాసనము కొరకు పోరు పుట్టెను. క్రొత్త రాజగు శ్రీరంగరాయలను కుటుంబముతో జగ్గరాయడు వేలూరులో చెరపెట్టెను. యాచమ నాయకుని యత్నముచే రజకుడొకడు పండ్రెండేండ్ల రామదేవుని బట్టలమూటలో దాచి కోట దాటించెను. లోపల మిగిలిన తలిదండ్రులు, తోబుట్టువులు హతులైరి. యుద్ధము ముగిసిన పిమ్మట, 1617లో, ఆ అనాథ బాలుడు రాయలై 1632 వరకు ఏలెను.

యెహోషెబ దాచిన యోవాషును తలంచుడి (2 రాజులు 11). మూటలోనున్నప్పుడు రామదేవునికి కిరీటము లేదు. అయినను ఒక పేదవాడు ప్రాణమునకు తెగించి అతని మోసెను. సహోదరులారా, కలహములలో తలిదండ్రులను పోగొట్టుకొనిన బిడ్డ మీ పల్లెలో నున్నచో, దేవుని దృష్టిలో తాను ప్రియమైనదని ఆ బిడ్డకు తెలుపుడి. తెలుపుటయేగాక మీ యింట చేర్చుకొనుడి.