సేవాలాల్ మహారాజు చరిత్రము: గానమున నిలిచిన స్మృతి

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల సుగాలీలును, దక్కనునందలి ఇతర బంజారాలును గురువుగా కొలుచు సేవాలాల్ మహారాజు 1739వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన భీమానాయకునకు, ధర్మణీమాతకు జన్మించెనని సంప్రదాయము. జన్మస్థలము గుత్తి సమీపమునందలి గొల్లలదొడ్డి యని ఆంధ్రదేశమునందును, సూరగొండనకొప్ప యని కర్ణాటకమునందును చెప్పుదురు. సంచారమే జీవనమైన జాతికి రెండు జన్మభూములుండుట వింత కాదు. వారి ఎడ్లబిడారులు ఉప్పును, ధాన్యమును సంతలకును, సైన్యములకును చేర్చెడివి. లమాణీ, లంబాడీ అను పేరులు లవణశబ్దభవములని పలువురి మతము.

సేవాలాల్ బాల్యమున పశువులను కాచెను. జగదంబ తన్ను కొలువుమని కోరగా, జీవబలితో కూడిన పూజకు సమ్మతింపక నిరాకరించెననియు, దేవి పెక్కు కష్టములు కల్పించెననియు, తుదకు అతడు ఆమె భక్తుడయ్యెననియు గాథలు చెప్పును. పలు తండాలలో దేవికి మేకను, సేవాలాలునకు తీపివంటకమును వేఱువేఱుగా అర్పించు ఆచారమున ఆ వృత్తాంతము నేటికిని సజీవము. ఆయన ఆజన్మబ్రహ్మచారియై తండాలు తిరిగి సత్యమును, అహింసను, మద్యత్యాగమును బోధించెను. 1806లో మహారాష్ట్రమున దేహము చాలించెను. సమాధి వాశిం జిల్లా పోహ్రాదేవిలో నున్నది.

ఆయన గ్రంథమేదియు వ్రాయలేదు. ఆయన చరిత్రమును భాట్, ఢాడీ గాయకులు కంఠస్థముగా కాపాడిరి. రైలుమార్గములు వచ్చి బిడారుల వర్తకము నశించినప్పుడును, 1952లో రద్దయిన నేరజాతుల చట్టము పెక్కు బంజారా సమూహములపై నేరముద్ర వేసినప్పుడును, తాము సేవాలాల్ సంతతివారమను భావము వారికి ఆత్మగౌరవమునిచ్చెను. పురుషులు నగారాపై పాడినదానికి తోడు, స్త్రీలు అద్దములు, గవ్వలు పొదిగిన కుట్టుపనిలో తమ గుర్తింపును నిలుపుకొనిరి. సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను.

ఐరోపాలోని రోమా ప్రజల స్థితియు ఇట్టిదే. సంస్కృత పానీయ, కర్ణ శబ్దముల పరిణామములు వారి నోట పాని, కన్ అనియు, బంజారాల నోట పాణీ, కాన్ అనియు వినబడును. ఇది భాషాబంధుత్వమే గాని, ఒకరు మఱియొకరి సంతతియనుటకు చాలదు. 1971లో లండను సమీపమున సమావేశమైన రోమాలు చక్రాంకితధ్వజమును స్వీకరించి, చెదరిన జాతికి ఒక చిహ్నమును కల్పించుకొనిరి. బంజారాలకు అట్టి చిహ్నము సేవాలాల్ శ్వేతధ్వజము.

పోహ్రాదేవిలో 2024 అక్టోబరున బంజారా వారసత్వ ప్రదర్శనశాల ప్రారంభమైనది. వస్తువులను గాజుపెట్టెలలో భద్రపఱుపవచ్చును. పాటకు గాయకుడు కావలెను. తండాల బాలురు బడులలో అన్యభాషలలో చదువుచున్నారు, గాయకులు వృద్ధులగుచున్నారు. వేదమును చెవితో కాపాడిన దేశమున, లిపి లేదను కారణమున ఈ గాథలను అప్రమాణములనుట తగదు. తాళపత్రప్రతులను సంపాదించి పాఠాంతరములను కూర్చినట్లే, తండా తండాకు మాఱు సేవాలాల్ గాథలను గాయకుల నోటనుండి సేకరించి పరిష్కరించుట ప్రాచ్యవిద్యాపరిశోధకుల కర్తవ్యము.