బద్రుద్దీన్ త్యాబ్జీ

బొంబాయి నగరమున ముల్లా త్యాబ్ ఆలీ యను వర్తకుడుండెను. ఆంగ్లవిద్యను అనేకులు శంకించుచుండిన ఆ దినములలో, తన కుమారులను ఇంగ్లండునకు పంపుటకు ఆయన వెనుదీయలేదు. వారిలో నొకడే 1844వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన జన్మించిన బద్రుద్దీన్.

బద్రుద్దీన్ పదునారవయేట సముద్రము దాటెను. చదువు సాగుచుండగనే చూపు మందగించుటచే 1864లో ఇంటికి మరలి రావలసివచ్చెను. న్యాయశాస్త్రము చదువువానికి కన్నులే గదా పెట్టుబడి! ఐనను నిరాశ చెందక, మరుసటి యేడే తిరిగి లండను చేరి, 1867లో బారిష్టరయ్యెను. బొంబాయి హైకోర్టులో భారతీయుడైన తొలి బారిష్టరు ఆయనయే.

వృత్తిలో పేరు వచ్చినకొలది ప్రజాకార్యములును మీదబడెను. ఆయన 1873లో పురపాలక సంఘమునందును, 1882లో శాసనసభయందును సభ్యుడయ్యెను. 1885లో ఫిరోజిషా మెహతా, తెలంగు అను మిత్రులతో గూడి బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషనును స్థాపించెను. 1887 డిసెంబరులో మద్రాసున జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించెను. ఆ పీఠమెక్కిన ముస్లిములలో ఆయన ప్రథముడు. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలును మద్రాసు రాజధానిలోనివే.

ముస్లిములు కాంగ్రెసులో చేరరాదని సర్ సయ్యద్ అహమ్మదు ఖాను వాదించెను. దేశమునకంతకు సంబంధించిన విషయములలో ఎల్లవారును కలిసి పనిచేయవలెనని త్యాబ్జీ లేఖల మూలమున సమాధానమిచ్చెను. ఆ విభేదము ఆయనను మిక్కిలి బాధించెను. ఒకానొక దశలో మహాసభలను అయిదేండ్లపాటు నిలుపుట మేలేమో యని కూడ ఆయన హ్యూమునకు వ్రాసెను. ఈ సందేహమును దాచి చెప్పుట చరిత్రకు న్యాయము కాదు.

1895లో ఆయన హైకోర్టు న్యాయమూర్తియయ్యెను. రెండేండ్లకే గొప్ప పరీక్ష యెదురయ్యెను. పూనాలో ప్లేగు ప్రబలియుండెను. ప్లేగు అధికారియగు ర్యాండు హత్య చేయబడెను. ప్రభుత్వము ఆగ్రహించి, కేసరి పత్రికలోని వ్రాతలకై తిలకుపై రాజద్రోహ నేరము మోపెను. జామీను కొరకు చేసిన మనవిని మేజిస్ట్రేటు త్రోసివేసెను. హైకోర్టులోను మొదట నిరాకరణమే. 1897 ఆగస్టులో ఆ మనవి మరల త్యాబ్జీ యెదుటికి వచ్చెను. అంగీకరించినచో పాలకులకు కోపము; కాదన్నచో మాటాడువారు లేరు. కాని విచారణ ముగియనిదే నేరము స్థిరపడదనియు, ముద్దాయి పారిపోవునన్న భయమునకు ఆధారము లేదనియు, చెరలోనున్నవాడు తన వాదమును చక్కగా సిద్ధపరచుకొనలేడనియు తలచి, ఆయన జామీను మంజూరు చేసెను. తరువాత మరియొక న్యాయమూర్తి యెదుట జరిగిన విచారణలో తిలకునకు పదునెనిమిది నెలల శిక్ష పడినమాట వేరు.

1902లో త్యాబ్జీ తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగ పనిచేసెను. 1906 ఆగస్టు 19వ తేదీన లండనులో మరణించెను.

ఆ పిమ్మట రెండేండ్లకు, అనగా 1908లో, తిలకు తిరిగి అదే హైకోర్టులో జామీను వేడెను. ఈ సారి అది లభింపలేదు. నిరాకరించిన న్యాయమూర్తి పేరు దావరు. 1897లో త్యాబ్జీ యెదుట నిలిచి తిలకు పక్షమున వాదించిన న్యాయవాది ఆయనయే.