యక్షిణిని మలచిన మట్టిచేతులు

ఢిల్లీలో పార్లమెంటు వీధిన రిజర్వు బ్యాంకు ద్వారానికి ఇరువైపులా రెండు భారీ శిలావిగ్రహాలున్నాయి. డబ్బుసంచి పట్టిన యక్షుడు పరిశ్రమకూ, యక్షిణి వ్యవసాయానికీ ప్రతీకలు. ఏళ్ల తరబడి వాటి ముందునుంచే సభకు వెళ్లివస్తున్న నేను, ఆ యక్షిణికి మాతృకను కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో చూశాను. బేస్‌నగర్‌లో లభించిన ఆ ప్రాచీన విగ్రహం ఎదుట నిలిచినప్పుడు, ఢిల్లీ విగ్రహాల శిల్పి రామ్‌కింకర్ బైజ్ జీవితం స్మృతికి వచ్చింది.

ఆయన 1906లో బంకురాలో, క్షురకవృత్తి కుటుంబంలో జన్మించారు. దేవతల బొమ్మలు చేసేవారిని చూసి చిన్ననాడే మట్టిపని నేర్చుకొన్నారు. సహాయనిరాకరణోద్యమకాలంలో దేశనాయకుల చిత్రాలు గీశారు. ‘మోడరన్ రివ్యూ’ సంపాదకుడు రామానంద చటర్జీ ఆయన ప్రతిభను గుర్తించి, 1925లో శాంతినికేతనానికి చేర్చారు. అక్కడ నందలాల్ బోస్ గురువైనారు.

కంచుకూ పాలరాతికీ డబ్బెక్కడిది? కాళ్లకింది ఎర్రకంకరను సిమెంటుతో కలిపి, 1938లో ‘సంతాల్ కుటుంబం’ నిలబెట్టారు. కావడిలో బిడ్డ, వెంట కుక్క. పొట్ట చేతపట్టుకొని సాగిపోయే కూలీల సంసారమది. ప్రభువులకూ నాయకులకూ మాత్రమే విగ్రహాలు లేచే దేశంలో నిరుపేదకు అంతెత్తున చోటు దొరకడం అపూర్వం.

తరువాత ప్రభుత్వమే రాయి ఇచ్చింది. స్వతంత్ర భారతంలో ప్రభుత్వ భవనాలకు మన కళాకారుల సృష్టి శోభనివ్వాలన్నది నెహ్రూ అభిలాష. కాంగ్రా లోయ ఇసుకరాతిలో యక్షదంపతులు రూపొందడానికి పదేళ్లకు పైగా పట్టింది. యక్షిణి నగ్నతపై రాజ్యసభలో ప్రశ్న లేచింది. దారిలో గుడ్డలేని కూలీని చూసి కలగని సంకోచం రాతిబొమ్మను చూస్తే కలగడమేమిటో నాకు నేటికీ బోధపడదు. విగ్రహం మాత్రం కదలలేదు. నేటికీ అక్కడే ఉంది.

1970లో పద్మభూషణ్ లభించింది. అయినా ఆయన జీవితం నిరాడంబరంగానే గడిచింది. 1980 ఆగస్టు 2న కోల్‌కతాలోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఆయన కన్నుమూశారు. చివరి శిల్పం రోగశయ్యపై చేసిన చిన్న దుర్గ బొమ్మ. రిజర్వు బ్యాంకు వాకిట అంతటి శిలలను నిలిపిన చేతులు, ఆఖరికి బంకురా బాలుడు నేర్చిన తొలివిద్యకే మరలాయి.