మాంద్యంలో అమెరికాను నడిపిన రూజ్‌వెల్ట్

సిరిగల ఇంట 1882లో జన్మించిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 39వ ఏట పోలియో సోకి కాళ్లు చచ్చుబడ్డాయి. 1933 మార్చి 4న ఆయన అమెరికా అధ్యక్ష పదవిని స్వీకరించేనాటికి పనిచేయగలవారిలో దాదాపు నాలుగోవంతు మందికి పని లేదు. బ్యాంకులు వరుసగా మూతపడుతున్నాయి. రెండు రోజులకే ఆయన దేశంలోని బ్యాంకులన్నింటినీ మూయించి, లెక్కలు పరిశీలింపజేసి, నిలదొక్కుకోగలవాటిని 13వ తేదీ నుంచి తెరిపించారు. ముందునాటి రాత్రి రేడియోలో ఆ సంగతిని సామాన్యులకు బోధపడేలా వివరించారు. భయంతో సొమ్ము తీసుకుపోయినవారే మళ్లీ తెచ్చి జమ చేశారు.

నిరుద్యోగ యువకులను అడవుల పెంపకంలో నియమించి నెలకు 30 డాలర్లు ఇచ్చారు. అందులో 25 నేరుగా ఇంటికే చేరేవి. కొడుకు జీతం తల్లి చేతికే అందిందన్నమాట!

సేద్యం విషయంలో మాత్రం ఆయన ప్రభుత్వానికి మచ్చ తప్పలేదు. ధర పెరగాలని 1933లో సుమారు కోటి ఎకరాల పత్తి పైరును దున్నించివేసి పరిహారం చెల్లించారు. ఆ పైకం భూస్వాములకు ముట్టింది గాని, పాలుకు సాగుచేసేవారికి సరిగా అందలేదు. ఎందరో నేల విడిచి పోవలసివచ్చింది. 1935 నాటి వృద్ధాప్య పింఛను చట్టంలోనూ వ్యవసాయ కూలీలకు చోటు దక్కలేదు. 1937లో ప్రభుత్వ వ్యయం తగ్గించడంతో మాంద్యం మళ్లీ తలెత్తింది. అందరికీ పని దొరికింది యుద్ధకాలంలోనే.

ఆ యుద్ధం ముగియకముందే, 1945 ఏప్రిల్ 12న, జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఆయన కన్నుమూశారు. పోలియో రోగుల కోసం ఆయన చికిత్సాకేంద్రం నెలకొల్పిన ఊరు అదే.