చివరి రాయలు

చంద్రగిరి కోట మనకు కొత్త కాదు. తిరుపతికి 11 కిలోమీటర్లు. విహారయాత్రకు పోతే రాజమహలు, రాణిమహలు చూసి వచ్చేస్తాం. ఆ కోట రాయల చేతిలోనుంచి ఎట్ల పోయిందో తెలియాలంటే శ్రీరంగరాయల కథ తెలుసుకోవాలి. విజయనగర రాజుల్లో ఆయనే చివరివాడు.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాడు, హంపి నాశనమైంది. రాజ్యం ఆ రోజుతోనే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ రాయలు పెనుకొండకు వచ్చారు, అక్కడినుంచి చంద్రగిరికి, తర్వాత వేలూరుకు. ఇంకా 80 ఏండ్లు నిలబడ్డారు. వాళ్ళలో గట్టివాడు వెంకటపతి రాయలు. ఆయన రాగి విగ్రహం తిరుమల గుడిలో ఇప్పటికీ ఉంది. 1614లో ఆయన పోయాక సింహాసనం కోసం సొంతవాళ్ళే కొట్లాడుకున్నారు.

శ్రీరంగరాయలు కూడా మొదట చేసింది అదే పని. పినతండ్రి వరసైన పెద వెంకటరాయలు రాజుగా ఉండగా 1638లో బిజాపూరు సుల్తానుతో చేయి కలిపి ఆయన మీదికే దండు తెచ్చాడు. ఇంకో పక్కనుంచి గోల్కొండ సైన్యం వచ్చిపడింది. పెద వెంకటరాయలు చిత్తూరు అడవుల్లోకి పోయి 1642లో అక్కడే చనిపోయాడు. అంతటి రాజుకు కడకు అడవే దిక్కయింది! ఆయనకు కొడుకులు లేరు. శ్రీరంగరాయలు బిజాపూరు వాళ్ళను వదిలేసి వచ్చి సింహాసనం ఎక్కాడు.

ఎక్కినాక మాత్రం రాజ్యం నిలపాలని గట్టిగానే పాటుపడ్డాడు. 1644లో గోల్కొండ సైన్యాన్ని వెనక్కి కొట్టాడు. అయితే ఆయన పాత పని ఎవరు మరిచిపోతారు? జింజి, తంజావూరు, మధుర నాయకులు ఆయన్ని నమ్మలేదు. మధుర తిరుమల నాయకుడైతే గోల్కొండ వాళ్ళనే ఉసిగొల్పాడు. దక్షిణాన నాయకులతో పోరు, ఉత్తరాన సుల్తానులతో పోరు. ఒక్కడు ఎన్ని పక్కల కాచుకుంటాడు?

మద్రాసులో కోట కట్టుకోను ఇంగ్లీషు వాళ్ళకు 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు అనుమతి ఇచ్చివున్నాడు. 1645లో శ్రీరంగరాయలు కూడా కౌలు రాసిచ్చాడు. అందులో ఆ ఊరికి తన పేరే పెట్టుకుని శ్రీరంగరాయపట్నం అన్నాడు. ఆ పేరు నిలవలేదు.

వేలూరు దగ్గర విరించిపురంలో జరిగిన యుద్ధంలో రాయలు ఓడిపోయాడు. 1646లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చంద్రగిరి పట్టుకున్నాడు. ఈయన అంతకు ముందు వజ్రాల వ్యాపారి. తర్వాత వేలూరు కూడా పోయింది.

శ్రీరంగరాయలు కొన్నాళ్ళు తంజావూరులో, కొన్నాళ్ళు మైసూరులో తలదాచుకున్నాడు. మొగలాయిల సాయం అడిగాడు, దొరకలేదు. చివరికి ఇక్కేరి శివప్ప నాయకుడు బేలూరులో చోటిచ్చాడు. ఒకప్పుడు ఆ నాయకులు రాయలకు కప్పం కట్టినవాళ్ళే. ఆయన మళ్ళీ చంద్రగిరిలో రాజ్యం చేయలేదు. రాజ్యం పోయినా దానశాసనాల్లో మాత్రం ఇంకా కొన్నేండ్లు ఆయన పేరే చెక్కుతూ వచ్చారు.