డిగ్రీకి 14 ఏళ్లు.. ప్రధాని అయ్యేసరికి 67

పాతికేళ్లకల్లా సెటిల్ కాకపోతే ఇక అంతేనా? క్లాస్‌మేట్స్ ఆఫర్ లెటర్లు చూసినప్పుడల్లా మీకూ ఇలాగే అనిపిస్తోందా? అయితే మారిషస్ తొలి ప్రధాని సీవూసాగర్ రాంగులాం కెరియర్‌పై ఓ లుక్కేయండి.

మారిషస్ హిందూ మహాసముద్రంలో ఓ బుల్లి దీవి. పాత గుంటూరు జిల్లాలో ఐదో వంతు కూడా ఉండదు. రాంగులాం తండ్రి బిహార్ నుంచి అక్కడి చెరకు తోటల్లో పనికి వలస వెళ్లారు. 1900లో పుట్టిన రాంగులాం ఏడేళ్లకే తండ్రిని కోల్పోయారు. పన్నెండేళ్లకు పశువుల పాకలో జరిగిన ప్రమాదంలో ఎడమ కంటి చూపు పోయింది. అయినా స్కాలర్‌షిప్ పరీక్ష రాసి రాయల్ కాలేజీలో చేరారు.

1921లో మెడిసిన్ కోసం లండన్ వెళ్లారు. డాక్టరై తిరిగొచ్చింది 1935లో! మరి ఆ 14 ఏళ్లూ వృథాయేనా? కాదు. భారత స్వాతంత్ర్యం కోసం అక్కడ జరిగే సభలకు వెళ్లారు, ఫేబియన్ సోషలిస్టుల ఆలోచనలు వంటబట్టించుకున్నారు. తర్వాతి రాజకీయాలకు పునాది అదే.

ఓటుతో మారిన లెక్క

అప్పట్లో ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్లకే ఓటు. 1940లో శాసనమండలికి నామినేటైన రాంగులాం, ఓటు హక్కును విస్తరించాలని పట్టుబట్టారు. 1947 రాజ్యాంగంతో, చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలు ఓటు వచ్చింది. పరీక్షకు అనుమతించిన భాషల్లో మన తెలుగూ ఉంది. కోరంగి రేవు మీదుగా వెళ్లిన మన కూలీల వారసులు అక్కడున్నారు మరి! సుమారు 12 వేలున్న ఓటర్లు 70 వేలు దాటారు. 1948 ఎన్నికల్లో ఆయన గెలిచారు. 1961లో ముఖ్యమంత్రి, 1968 మార్చి 12న స్వతంత్ర దేశానికి ప్రధాని అయ్యారు.

అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. ఎగుమతులంటే దాదాపు చక్కెర ఒక్కటే. యువతకు ఉద్యోగాల్లేవు. 1970లో ఎగుమతి పరిశ్రమలకు పన్ను రాయితీలిచ్చే చట్టం తెచ్చారు. గార్మెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి, వేల మందికి, ముఖ్యంగా మహిళలకు పని దొరికింది.

మచ్చలూ ఉన్నాయి

ఆయన కెరియర్ అంతా క్లీన్ అనుకోకండి. 1965లో చాగోస్ దీవులను బ్రిటన్‌కు వదులుకోవడానికి ఒప్పుకున్నారు. అక్కడివాళ్లు ఇళ్లూ ఊళ్లూ పోగొట్టుకున్నారు. 1971లో ఎమర్జెన్సీ పెట్టారు, ఎన్నికలను 1976 దాకా వాయిదా వేశారు. 1975 మేలో విద్యార్థులు రోడ్డెక్కితే పోలీసులు అడ్డుకున్నారు. కానీ వాళ్ల కోపాన్ని ఆయన పట్టించుకోకుండా వదల్లేదు. ఓటు వయసు 18కి తగ్గింది. 1977 నుంచి సెకండరీ చదువు ఉచితమైంది. ఫీజు కట్టలేక బడి మానేసే పిల్లలకు అదెంత పెద్ద విషయమో మీకు వేరే చెప్పాలా?

1982లో 81 ఏళ్ల వయసులో సొంత సీటు కూడా ఓడిపోయారు. మరుసటి ఏడాదే గవర్నర్ జనరల్ అయ్యారు. 1985 డిసెంబరులో మరణించేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడుగుతారని భయపడుతున్నారా? ఎన్నేళ్లు పోయాయన్నది మీరిప్పుడు మార్చలేరు. ఆ టైమ్‌లో ఏం నేర్చుకున్నారో మాత్రం సూటిగా చెప్పగలరు. ఆ జవాబు ఇవాళే రాసి పెట్టుకోండి. రాయడానికి ఏమీ లేకపోతే, ఇవాళే ఏదో ఒకటి నేర్చుకోవడం మొదలుపెట్టండి.